ఓరిక్స్‌కు పెట్టకూడని తూటా

మా ఉస్తాద్ పోయాడు. సౌదీలో, ఇక్కడి బురైదా ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఈ మజ్రాలో అందరి నోటా ఒకటే మాట, రాత. రాత ఏంటండీ రాత, నా మొహం! కడపలో ఆయన ఇంటికేమో, తొందరపడి తానే జంతువు మీదికి పోయాడని కబురు పంపారు. చచ్చిన మనిషి మీదే తప్పు తోసేశారు. ఇది చదివే మీరైనా ఆ మాట నమ్మకండి.

నేనిక్కడ వంటవాణ్ని, జగిత్యాల వైపు మనిషిని. మజ్రా అంటే పేరుకు తోటే గానీ, కంచె వేసి లోపల ఓరిక్స్‌లను పెంచుతారు. బల్లేల్లాంటి కొమ్ములు, పెయ్యంత ఒళ్లు ఉండే ఎడారి జింకలవి. మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ అతిథులు వచ్చినప్పుడు వేట ఉంటుంది. ఎవరికి ఏ రైఫిల్, ఏ జంతువుకు ఏ తూటా అన్నది చూసుకోవడం ఉస్తాద్ పని. నేను గహ్వా కాఫీ, ఖర్జూరాలు పట్టుకుని వెనక బండిలో వెళ్లేవాణ్ని.

ఆయన మెత్తని మనిషని రాయను. నోరు పెద్దది. కూరలో ఉప్పెక్కువైతే ముద్ద పక్కన పెట్టి, "ఏమప్పా, సముద్రం తెచ్చి పోసినావా?" అనేవాడు. "ఈ ఖసీం ఇలాకాలో నాయంత మొనగాడు ఎవడుండాడో చూపియ్యి" అని గడ్డం నిమురుకునేవాడు. నాకు జ్వరం వచ్చిన వారం మాత్రం వంటింట్లో దూరి తనే వండాడు. అన్నం మాడింది. మూతి విరిచిన వాళ్లందరినీ తిట్టి మరీ తినిపించాడు. నాకు గంజి కాచి మంచం దగ్గరికి తెచ్చాడు.

వేట మాంసం వంటింటికి రాగానే వెనకాలే వచ్చేవాడు. నేను కోస్తుంటే గాయంలో వేలు పెట్టి, తూటా ఎంత లోతు పోయిందో చూసేవాడు. "బరువైన తూటా మొన విచ్చుకున్నా చెదిరిపోదు. ఎముక పగలగొట్టుకోని గుండె దాకా పోతాది. తేలికది ఎముక తగిలితే తునకలైపోతాది. పైన ఇంత గాయం, లోపల ఏమీ ఉండదు" అనేవాడు. నేను బిక్కమొహం వేస్తే, "కొత్తిమీర తరిగే కత్తితో బొమికలు కొడతావా నువ్వు?" అని కసిరాడు. అది అర్థమైంది. ప్రతి వేటలోనూ ఇంకో మాట చెప్పేవాడు: "పడిందంటే చచ్చిందని కాదప్పా. రెండో దెబ్బ పడినాకనే దగ్గరికి పోవాల."

ఆ రోజు వచ్చిన అతిథి తన తూటాలు తానే తెచ్చుకున్నాడు. చిన్న జింకలకు వాడే తేలిక రకం. వేగం ఎక్కువట, కాల్చినప్పుడు భుజం నొప్పి పుట్టదట. ఉస్తాద్ చూసి పెట్టె వెనక్కి ఇచ్చేశాడు. మా మేనేజర్ హైదరాబాద్ మనిషి. ఉస్తాద్‌ను బండి పక్కకు లాగి తెలుగులో గదిమాడు.

"మెహమాన్ ముంగట ఇజ్జత్ తీస్తవా? ఆయన తూటా, ఆయన ఇష్టం. నోర్మూసుకొని నడువ్."

"పక్కటెముకల మీదన్నా కొట్టమని చెప్పు సార్. భుజం మీద కొడితే ఆ తూటా నిలబడదు."

అతిథేమో సరిగ్గా భుజం మీదే కొట్టాడు. ఓరిక్స్ కూలింది. రెండో దెబ్బ కొట్టమని ఉస్తాద్ చేయి ఊపాడు. తోలు గోడకు పెట్టుకోవాలి, ఇంకో చిల్లు పడకూడదని అతిథి రైఫిల్ దించేశాడు. మాంసం హలాల్ కావాలంటే ప్రాణం ఉండగానే గొంతు కోయాలి. ఆ కత్తి ఉస్తాద్ దగ్గరే ఉంటుంది. అప్పుడు మేనేజర్ అరిచాడు, నా చెవులారా విన్నాను: "ఉరుకు ఉస్తాద్, చచ్చిపోతది! హరామ్ అయితే ఎవడు తింటడు?"

ఉస్తాద్ ఉరికాడు. అది లేచింది. ఆ కొమ్ముల సంగతి నన్ను అడగకండి.

కాపలావాళ్లు దాన్ని కాల్చి పడేశారు. సిగ్గు లేకుండా, తోలు ఒలవమని నా బల్ల మీదికే పంపారు! మొదటి తూటా ఎముక మీదే తునకలైంది. ఊపిరితిత్తులకు గీత కూడా పడలేదు. ఒళ్లు మండిపోయింది. ఉస్తాద్ మీదా కోపమే నాకు. అందరినీ తిట్టే మనిషివి, ఆ ఒక్క అరుపుకు ఎందుకు ఉరికావయ్యా?

నిన్న మధ్యాహ్నం మెస్‌లో ఉండగా ఉస్తాద్ భార్య నాకు ఫోన్ చేసింది. మేనేజర్ నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. "తొందరపడ్డడని చెప్పు. లొల్లి చెయ్యకు. నీ ఇఖామా సంగతి గూడ చూస్కోవాలె గదా" అన్నాడు మెల్లగా. ఇఖామా అంటే నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం.

"అన్నా, మా ఆయన అంత తెలివి లేనోడా?" అని అడిగింది ఆమె. "వచ్చినోళ్లంతా అట్నే అంటాండారు. తన తప్పుతోనే పోయినాడంట. నిజం చెప్పన్నా."

"కాదు వదినా. పెట్టొద్దన్న తూటా పెట్టిండ్రు. కొట్టుమన్న రెండో దెబ్బ కొట్టలే. మేనేజర్ ఉరుకుమంటే ఉరికిండు. ఉస్తాద్ తప్పేం లేదు."

అవతల చాలాసేపు ఏడుపు వినిపించింది. తర్వాత ఆమె ముక్కు చీదుకుని, "ఉండన్నా, స్పీకర్ పెడతా. ఇంట్లో శానామంది ఉండారు. మళ్లా మొదట్నించి చెప్పు" అంది.

మేనేజర్ ఫోన్ లాక్కోబోయాడు. నేను లేచి నిలబడి, మెస్‌లో అన్నం తింటున్న వాళ్లందరికీ వినబడేట్టు, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.