తొక్కిన మడిలో మిగిలిన వరి

"మీ సార్ పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ తాగిండు, గట్లనే కుర్చీల ఒరిగిండు." పోయిన వారం వనపర్తి నుంచి సార్ భార్య ఫోన్లో చెప్పిన మాటలివి. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. అక్క ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆయన వరి వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త. నాగర్‌కర్నూల్ వైపున్న మా పరిశోధనా క్షేత్రంలో నేను చేరేనాటికే ఆయన జుట్టు నెరిసింది. మెత్తని మనిషని చెప్పను. విత్తనానికి మొక్కలను ఎంపిక చేసే రోజు మడిలోకి దిగితే, నచ్చని మొక్కను వేళ్లతో సహా పెరికి బురదలో వేసి తొక్కేవారు. ఒకసారి నేను, "ఇది బాగానే ఉంది కదా సార్, ఉంచుదాం" అన్నాను. నా కళ్లముందే దాన్ని పీకి గట్టుకేసి కొట్టారు. "కనికరం మడి బయట చూపియ్యి. ఈడ చూపిస్తే రేపు రైతు చస్తడు" అన్నారు.

ఆ రోజుల్లో ఆయన పోరాటమంతా సుడిదోమతో. వరి మొదళ్లలో చేరి రసం పీల్చి, పచ్చని చేనును సుడులు సుడులుగా మాడ్చేసే పురుగు అది. దాన్ని తట్టుకునే రకం ఏదో తేలాలంటే, మందు కొట్టకుండా మొక్కలను దోమకు అప్పగించి చూడాలి. అందుకే అయిజ దగ్గర ఒక ఊళ్లో పొలం కౌలుకు తీసుకుని రకరకాల వరిని వరుసలుగా నాటాం. మందు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

కోతకు ముందు దోమ విరుచుకుపడింది. మా వరుసలు ఎండాయి, పక్క చేలూ ఎండాయి. దోమ మా మడి నుంచే పోయిందో, గాలికే వచ్చిందో ఈనాటికీ తెలియదు. ఊరు మాత్రం తేల్చేసుకుంది.

మిట్టమధ్యాహ్నం దమ్ము చేసే ఇనుప చక్రాల ట్రాక్టర్ వచ్చింది. వెనక కట్టెలు పట్టుకుని మనుషులు. అందరికన్నా ముందున్నది మా పక్క పొలం రైతు.

"మా చేన్లకు రోగం తెచ్చింది మీరే! ఏందిరా మీ పరీక్ష? మా నోట్ల మన్ను గొట్టెటందుకా?"

సార్ ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడి చేయి చాచారు. "జర ఆగన్నా, నేను చెప్పేది ఇను..."

ఆ రైతు చేతిలోని పార కర్ర ఆయన కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కిందపడ్డ మనిషిని వీపు మీద, వేళ్ల మీద మళ్లీ మళ్లీ కొట్టారు. ఒకడు మెడ మీద కాలు పెట్టి ముఖాన్ని బురదలోకి అదిమాడు. అడ్డం పోయిన నన్ను జుట్టు పట్టి గట్టు అవతలికి విసిరారు. ఈలోగా ట్రాక్టర్ మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగింది. ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపి ఏళ్ల తరబడి చేసిన సంకరాలు ఆ చక్రాల కింద నలిగిపోయాయి.

వాళ్లు వెళ్లాక జీపు దగ్గరికి నడిపించబోతే సార్ కదల్లేదు. నోటి నిండా నెత్తురు, బురద. గడ్డంతో చూపిస్తూ, "ఆ మూల వరుస ఒక్కటి దోమకు ఎండలే, పచ్చగ ఉండె. వెన్నులు ఏరుకో. దవాఖాన యాడికి పోదు" అన్నారు. బురదలో చేతులు పెట్టి తడిమి, దొరికిన వెన్నులను చున్నీలో కట్టుకున్నాను.

గద్వాల దవాఖానలో ఎముక అతికింది గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. కొట్టినవాళ్ల పేర్లన్నీ ఆయన పోలీసులకు చెప్పారు. రాజీకి వచ్చిన పెద్దమనుషులను వెనక్కి పంపారు. "కొట్టింది తప్పు, అది కోర్టు జూస్తది. చెప్పకపోవుడు నా తప్పు, అది నేను జూసుకుంట." కట్టు విప్పకముందే ఆ ఊరికి పోయి, బడి ముందు నిలబడి, మందు ఎందుకు కొట్టలేదో చెప్పారు. తిట్లు పడ్డాయి. ఒక రాయి కూడా వచ్చింది. చెప్పడం ముగించాకే జీపెక్కారు.

ఆ తర్వాత రైతుల చేల మధ్య ఎన్నడూ దోమను పెంచలేదు. అంతవరకూ ప్రయోగశాల పద్ధతులను ఎగతాళి చేసిన మనిషి, వాటికోసం పై అధికారులతో కొట్లాడారు. ఆ పచ్చని వరుసను జనం ఇష్టంగా తినే సన్న రకంతో సంకరం చేశాం. ప్రతి మొలక నుంచీ చిన్న ఆకు ముక్క గిల్లి, దోమను తట్టుకునే జన్యువు ఉందో లేదో పరీక్షించాం. లేనివాటిని సార్ ఎడమ చేత్తో అప్పుడే పీకేశారు. ఉన్నవాటిని మళ్లీ మళ్లీ సన్న రకంతోనే కలుపుతూ పోయాం. చివరికి వల కట్టిన షెడ్డులో మూసి దోమను వదిలాం. పక్క ట్రేల్లో మామూలు రకాల మొలకలు మాడి వాలిపోతుంటే మావి నిలబడ్డాయి.

సంకరం చేయాలంటే పువ్వు కొన కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తులను పట్టుకారుతో తీసేయాలి. ఆయన వేళ్లకు ఇక ఆ పని రాదు. నా భుజం వెనక నిలబడి, "మెల్లగ. కొననే కొయ్యి, పువ్వును చంపకు" అనేవారు. నేను ఒక్క తిత్తి వదిలేసినా పట్టుకారు లాక్కుని విసిరేసేవారు. కాసేపటికి తానే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టేవారు.

కొత్త వంగడం విత్తనాల మొదటి సంచులు ఆ ఊరికే పంపారు. కొట్టిన రైతు జైలుకు పోయి వచ్చాడు. సార్‌తో మళ్లీ మాట్లాడలేదు. కానీ ఆ వరే వేస్తున్నాడని తెలిసి సార్‌కు చెప్పాను. ఆయన తన వేళ్లకేసి చూసుకుని, "తిననీ. తినేటందుకే గద చేసింది" అన్నారు. క్షమించారో లేదో నేను అడగలేదు.

దహనం అయిన మర్నాడు క్షేత్రానికి వెళ్లేసరికి సంకరాల మడి గట్టు మీద కూలికి వచ్చే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ దిగలేదు.

"మేడం, పూత విచ్చుకుంటున్నది. ఇయ్యాల ఆపుదమా?" అందులో పెద్దామె అడిగింది.

"వద్దక్కా. రేపటిదాక ఆగదు."

తిత్తులు తీసిన వెన్నుకున్న కాగితపు తొడుగు తీసి, పుప్పొడి ఇచ్చే మగ వెన్నును దాని పైన పట్టుకుని వేలితో తట్టాను. పసుపు పొడి ఎండలో సన్నగా రాలసాగింది. అంతలో గాలి లేచింది. ఆడవాళ్లంతా మడిలోకి దిగి, నా చుట్టూ చేరి, గాలికి కొంగులు అడ్డం పట్టి నిలబడ్డారు.