అత్తమ్మకు నచ్చిన గేట్‌వే

మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడదు. కోపమేమీ లేదు, మర్యాద. అల్లుడి ముఖం చూసి మాట్లాడితే ఆకాశం విరిగి జూలూరుపాడు బస్టాండు మీద పడుతుందని ఆమె నమ్మకం. అందుకని పెళ్లైన నాటి నుంచి మా ఇద్దరి మధ్య రాకపోకలన్నీ మా ఆవిడ మీదుగానే. "మీ ఆయనను అన్నానికి రమ్మను" అంటుంది అత్తమ్మ తలుపు చాటు నుంచి. నేను ఆ తలుపు పక్కనే కూర్చుని ఉంటాను. అయినా మా ఆవిడ వచ్చి చెప్పేదాకా నాకు వినపడనట్టే లెక్క. ఆమె కూడా ఉన్న మాట ఉన్నట్టు తేదు. "అన్నానికి రావాలంట. చెప్పులు బయట విడవాలంట" అని సొంతంగా కొంత కలుపుతుంది.

రోడ్డు పక్కన అత్తమ్మకు ఒక్క షటర్ దుకాణం ఉంది. ములకలపల్లి వైపు అడవి పల్లెల వాళ్లు తెచ్చిన తేనె, వెదురు చేటలు, బుట్టలు కొని అమ్ముతుంది. భద్రాచలం పోయే యాత్రికుల బస్సులు ఎదురుగా టీ కోసం ఆగినన్నాళ్లూ అక్కడ రోజూ తిరునాళ్లే. తర్వాత టీ కొట్టాయన ఊరవతల పెద్ద దాబా పెట్టాడు. బస్సులు ఆయన వెంటే పోయాయి. తేనె దుకాణమై ఉండి కూడా లోపలికి రావడానికి ఈగలు మొహమాటపడే స్థితి వచ్చింది. పక్కనే ఎరువులు అమ్మే ఆయన కన్ను ఆ షటర్ మీద పడింది. కిరాయికి ఇస్తావో లేదో ఉగాదికల్లా తేల్చమన్నాడు. ఆ పూట నుంచి అత్తమ్మ పచ్చడి వేసుకోవడం మానేసింది. మా ఇంట్లో అది భూకంపం కిందే లెక్క.

నేను బొగ్గు గనుల ఆఫీసులో గుమస్తాను. అక్కడి కంప్యూటర్ నా బల్లకు దగ్గరగా ఉండటం వల్ల చుట్టాలంతా నన్ను కంప్యూటర్ పండితుడిగా ఒప్పుకున్నారు. ఆ పాండిత్యంతోనే కొత్తగూడెం నెట్ సెంటరాయన చేత దుకాణానికి వెబ్‌సైట్ చేయించాను. తేనె సీసా ఫొటో తెర మీదికి దిగేలోపు తేనెటీగలు ఇంకో పట్టు పెట్టేవి. అయినా బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, కార్డు మీద డబ్బు కట్టొచ్చా అని అడిగింది. దానికి పేమెంట్ గేట్‌వే కావాలి.

"అదేందో అడుగు," అంది తలుపు.

నేను బ్యాంకులు, సర్వర్లు, రహస్య సంకేతాలు అంటూ ఉపన్యాసం దంచాను. అంత బరువు మోయలేక మా ఆవిడ నడుమనే కూలబడింది. చివరికి అన్నాను: "మీ అమ్మ మాట నాకు, నా మాట మీ అమ్మకు నువ్వు మోస్తవు గదా. గట్లనే కార్డున్నోళ్ల పైసలు మన బ్యాంకుకు మోసేటోళ్లు."

తలుపు బేరంలోకి దిగింది. "ఊకెనే మోస్తరా?"

"నూటికి ఇంతని పట్టుకుంటరు."

"నువ్వు పట్టుకుంటలేవా, బిడ్డా? దసరాకు నేనడిగింది ఒక్క చీర. మీ ఆయన కాడికి పోయేసరికి రెండయినయి."

మా ఆవిడకు ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

ఇక గేట్‌వే ఎంపిక అత్తమ్మ చేతిలోకి పోయింది. కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే గేట్‌వే కంపెనీ డబ్బు వెనక్కి లాగేయవచ్చని షరతుల్లో ఉంది. మంచి తేనె చలికి పేరుకుంటుంది. పట్నం వాళ్లు అందులో చక్కెర కలిపారంటారు. "పేరుకుంటే ఎవరి దిక్కు మాట్లాడతరో అడుగు," అంది.

ఫోన్ స్పీకర్ మీట నొక్కాం. మొదటి కంపెనీ అన్నిటికన్నా చవక. "కస్టమర్ మాటే ఫైనల్, మేడం."

"ఫోన్ పెట్టెయ్," అంది తలుపు.

రెండో కంపెనీ సంగీతం వినిపించింది. పొయ్యి మీద పప్పు ఉడికింది, తాలింపు కూడా పడింది. అప్పుడు లైను కట్టయింది.

మూడోది ఖరీదైనది. అందులో ఒకాయన, "నాకు తెలియదమ్మా. తేనె ఎందుకు పేరుకుంటుంది?" అని అడిగాడు.

తలుపు తెరుచుకుంది. అత్తమ్మ వచ్చి ఫోన్ లాక్కుంది. "సలికి, నాయినా. ఎండల పెడితే కరుగుతది."

"అది వెబ్‌సైట్లో, సీసా మీద రాయించండి. ఫిర్యాదొస్తే మీ మాట కూడా వినకుండా డబ్బు లాగం."

ఇది ఎక్కువ పట్టుకుంటుందని నేను మా ఆవిడ ద్వారా మొరపెట్టుకున్నాను.

"పట్టుకోనీ," అంది అత్తమ్మ. "మనల్ని అడిగినోడు ఆయనొక్కడే."

చలికాలంలో బెంగళూరావిడ సీసా పేరుకోనే పేరుకుంది. ఆవిడ ఫిర్యాదు చేస్తే కంపెనీ మమ్మల్ని అడిగింది, మేం సీసా మీది చీటీ చూపించాం. ఆవిడ సీసాను ఎండలో పెట్టింది. తేనె కరిగింది, ఆవిడా కరిగింది, మా డబ్బు మాకొచ్చింది. ఆవిడ తన చుట్టాలందరికీ చేటలు తెప్పించింది. బెంగళూరంతా బియ్యం చెరుగుతోందా అన్నంతగా పార్సిళ్లు కట్టాం.

ఉగాది ముందు ఎరువులాయన వచ్చి తన బండి సరిగ్గా మా షటర్‌కు అడ్డంగా ఆపాడు. అత్తమ్మ చేటలకు పాత పేపర్లు చుడుతోంది. నేను సీసాలకు చీటీలు అంటిస్తున్నాను. మా ఆవిడ ఇంటి దగ్గరే ఉండిపోయింది.

"ఏమంటవ్ పెద్దమ్మా, షటర్ సంగతి?"

అత్తమ్మ కొంగు సర్దుకుని గోడ వైపు తిరిగింది. "అల్లుడా, ఆయనకు చెప్పు, ఖాళీ లేదని."

ఆయన వింటూనే ఉన్నాడు. అయినా పద్ధతి ప్రకారం నా వైపు చూశాడు.

"ఖాళీ లేదంట," అన్నాను. ఊరికే మోయడం దేనికని నా వంతు కూడా కలిపాను. "బండి గూడ జర అవతల పెట్టుకోవాల్నంట."