కందెన పెట్టిన బండి

1949లో వేసవి సెలవులు ముగియగానే నన్ను మిర్యాలగూడ మిడిల్ స్కూలు నుంచి సూర్యాపేట హైస్కూలుకు సైన్సు టీచరుగా బదిలీ చేశారు. పై తరగతులకు భౌతికశాస్త్రం చెప్పాలి. అప్పటికి నా హోదా మున్సరిమ్, అంటే తాత్కాలికం. ముస్తఖిల్ అయితేనే, అంటే ఖాయం అయితేనే, జీతానికీ తర్వాత పింఛనుకూ భరోసా. ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది. ఇకమీదట పాఠం తెలుగులో చెప్పాలి. చలికాలంలో ఇన్‌స్పెక్టరు ముఆయినాకు వస్తారు, అంటే తరగతిలో కూర్చుని పాఠం వింటారు, ఆ తర్వాత నన్ను ఉంచేదీ పంపేదీ తేలుస్తారు.

నా పేరు ఖాదర్. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మిర్యాలగూడ బజారులో పెరిగినవాణ్ణి కాబట్టి తెలుగు మాట్లాడటం నాకెవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. చదువు మాత్రం మొదటినుంచీ ఉర్దూలోనే సాగింది. వేగం నాకు రఫ్తార్, త్వరణం ఇస్రా, జడత్వం జుమూద్. చలన నియమాలు మూడూ నిద్రలో లేపి అడిగినా ఉర్దూలో గడగడా చెప్పగలను. తెలుగులో ‘నియమం’ అన్న మాటే నాకు కొత్త. నైజాం సర్కారు పోయి ఏడాది కూడా కాలేదు, బడి భాష మారిపోయింది. పిల్లలకు పిల్లల భాషలో చెప్పమనడం న్యాయమే, దాన్ని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. కాకపోతే ఆ న్యాయం వచ్చి సరిగ్గా నా మెడ మీద కూర్చుంది. నాన్న లేడు. అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు నా జీతం మీదే ఉన్నారు. ‘నౌకరీ పోతే...’ అని మొదలుపెట్టి అమ్మ ఆ మాటను ఎప్పుడూ పూర్తిచేసేది కాదు.

బడిలో తెలుగు చెప్పేవారు రామానుజాచారి గారు, అందరికీ పంతులుగారు. పొడుగాటి మనిషి, తెల్లటి పంచె, ఎవరి మాటల్లో తప్పు దొర్లినా మొహం చిట్లించే అలవాటు. ఆయన్ను చూస్తే పిల్లలకే కాదు, నాకూ జంకుగా ఉండేది. ఆయన దగ్గరికి వెళ్లి నా సంగతి చెప్పుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, మునగాల పోదామన్నారు.

మునగాల ఎందుకో ఈనాటివాళ్లకు చెప్పాలి. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఉన్నా, చుట్టూ నైజాం ఇలాకా ఉన్నా, ఆ పరగణా మాత్రం బ్రిటిషువాళ్ల కాలం నుంచీ మద్రాసు వైపు కృష్ణా జిల్లా కింద నడిచింది. అక్కడి బళ్లలో సైన్సు అప్పటికే తెలుగులో చెబుతున్నారు. మాకు లేని తెలుగు సైన్సు పుస్తకం బస్సెక్కితే దొరికేంత దూరంలోనే ఉందన్నమాట.

కోదాడ బస్సెక్కాం. బొగ్గుతో నడిచే బస్సు, వెనక పొయ్యి కట్టి ఉండేది. డ్రైవరు ఒక్కసారిగా కదిలించేసరికి పంతులుగారు వెనక్కి తూలి వెనక సీటాయన ఒళ్లో పడబోయారు. దారి చదునైన చోట బస్సు జోరందుకున్నాక ఆయన నా వైపు తిరిగి అడిగారు.

“ఖాదర్ సాబ్, కదిలేటప్పుడు నడుము మీద గుద్దినట్టయింది. ఇప్పుడు అంతకన్న జోరుగ పోతున్నం, ఏం కాకపాయె. గిదేందయ్యా?”

“జోరు ఎంతున్నా మనకు తెల్వది, పంతులుగారూ. జోరు పెరిగేటప్పుడు, తగ్గేటప్పుడే తెలుస్తది. ఆ పెరుగుడు, తగ్గుడే ఇస్రా.”

“ఓహో” అన్నారాయన. మళ్లీ బ్రేకు పడేదాకా ఎదురుచూసి, ముందుకు తూలి, సంతోషంగా తల ఊపారు. తెలుగులో నేను చెప్పిన మొదటి భౌతికశాస్త్ర పాఠం అదే. అది పాఠమని నాకు ఆ రోజు తట్టలేదు.

మునగాలలో ఒక మాస్టారు పుస్తకం ఇచ్చారు. అందులో అన్నీ ఉన్నాయి: వేగము, త్వరణము, జడత్వము, ప్రతిచర్య. పంతులుగారు ఒక్కో మాటా నా చేత పలికించారు. నేను నిర్వచనాలన్నీ కంఠతా పట్టి తరగతిలో దిగాను. ఆయన తన ఖాళీ గంటలో వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. బోర్డు మీద నా తెలుగు రాత దారి తప్పితే లేచి వచ్చి దిద్దేవారు. పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేసేవాణ్ణి, ఇంకేం చేస్తాను?

నెల తిరిగేసరికి పిల్లలు నిర్వచనాలు పద్యాల్లా అప్పజెప్పడం మొదలుపెట్టారు. “బాహ్య బలము పనిచేయనంతవరకు చలించుచున్న వస్తువు సమవేగముతో సరళరేఖలో చలించుచునే యుండును.” తరగతంతా ఒక్క గొంతు. నా నౌకరీ గట్టెక్కినట్టేనని అనుకున్నాను.

ఆ రోజే పంతులుగారు వెనక బల్ల మీంచి లేచి యాదగిరిని పిలిచారు. వాడు బండి తోలుకునే ఇంటి పిల్లవాడు, చురుకైనవాడు.

“ఏమిరా, ఎడ్లు గుంజుడు ఆపితే మీ బండి ఏమైతది?”

“ఆగుతది సార్.”

“మరి చలించుచునే యుండును అంటివి?”

యాదగిరి ఏమాత్రం తడబడలేదు. “అది పుస్తకంల రూలు సార్. మా ఊర్ల గట్ల గాదు.”

తరగతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే నన్ను భయపెట్టింది, ఎందుకంటే అందరి అభిప్రాయమూ అదే. ఎడ్లు గుంజినంత సేపే బండి కదలడం పుట్టినప్పటినుంచీ చూస్తున్న పిల్లలు. వాళ్ల దృష్టిలో ఆగడం బండి గుణం. నేను బోర్డు మీద రాసిన నియమం వేరే దేశపు బండ్లది. ముఆయినాలో ఇన్‌స్పెక్టరు ఒక్క ఎదురు ప్రశ్న వేస్తే చాలు, అందరం దొరికిపోతాం.

గంట అయ్యాక పంతులుగారు నాతో, “నాకు బస్సుల చెప్పినట్టు వాళ్లకెందుకు చెప్తలేరు?” అన్నారు. అది బజారు తెలుగు కదా, బళ్లో పనికొస్తుందా అన్నాను. ముందు అర్థం కానియ్యండి, తర్వాత మాటలు నేను చూసుకుంటాను అన్నారు. మాటలో తప్పు దొర్లితే మొహం చిట్లించే మనిషి ఆ మాట అనడం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

సంత రోజున యాదగిరి తండ్రి బండి అడిగి తీసుకున్నాం. ఎడ్లను విప్పేశాం. బడి ముందు రోడ్డు చదునుగా ఉండేది. కాడి నేలకు ఆనకుండా ఇద్దరు పిల్లలు ఎత్తిపట్టుకుని బండితోపాటు నడవాలి, గుంజకూడదు, ఆపకూడదు. నలుగురు వెనక నుంచి నెట్టి, సున్నంతో గీసిన గీత దగ్గర చేతులు తీసేయాలి. మొదట పక్కనున్న మట్టి బాటలో నెట్టాం. కిర్రుమని నాలుగడుగులు వేసి ఆగింది. రోడ్డు మీదికి ఎక్కించి నెట్టాం. కొంచెం ముందుకు పోయింది. అప్పుడు యాదగిరి తండ్రి కందెన బుర్ర తీశాడు. కందెన అంటే గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు. ఇరుసుకు బాగా పట్టించి మళ్లీ నెట్టారు. బండి గీత దాటి, మొదట ఆగిన చోటు దాటి, బడి గేటు దాటి పోయింది. కాడి పట్టుకున్న ఇద్దరూ దాంతోపాటు పరుగెత్తారు.

“ఎడ్లు లేవు, నెట్టేటోళ్లు లేరు. మరి ఎందుకు పోతున్నది?” అని అడిగాను. వెంటనే ప్రశ్న తిప్పి వేశాను: “సరే, మొదట ఎందుకు ఆగింది?”

“ఇరుసు రాసుకుంటుండె సార్. బాట మెత్తగుండె.”

“అవి అసలే లేకుంటే?”

యాదగిరి బండి వైపు చూస్తూ ఉండిపోయాడు. “ఇగ ఆగనే ఆగది సార్. ఆపేది ఉండాలె గద.” తర్వాత తనే ఆశ్చర్యపోయి, “అంటే మా ఊర్ల గూడ గంతే!” అన్నాడు. తరగతిలోకి తిరిగి వచ్చాక పంతులుగారు సుద్దముక్క తీసి పుస్తకంలోని వాక్యాన్ని బోర్డు మీద రాశారు. పిల్లలు దాన్ని చదువుతుంటే నియమం వాళ్లదే అన్నట్టు వినిపించింది. అంత సంతోషం ఉద్యోగంలో మళ్లీ కొద్దిసార్లే కలిగింది.

చలికాలంలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కోటు, తలపాగా, అచ్చమైన పుస్తకాల తెలుగు. హెడ్మాస్టరు పక్కన, పంతులుగారు వెనక బల్ల మీద. ఆ రోజు పాఠం త్వరణం. నేను బస్సుతో మొదలుపెట్టాను, నోటికొచ్చిన తెలుగులోనే. కాసేపటికే ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఇది బజారు భాష. పాఠశాలలో బోధించవలసిన భాష ఇదేనా?”

ఆయన లేచి, నా చేతిలోని సుద్దముక్క తీసుకుని నిట్టనిలువుగా పైకి విసిరి పట్టుకున్నారు. మొదటి వరుసలో ఉన్న యాదగిరిని లేపారు.

“పైకి పోయిన ముక్క తిరిగి కిందికి రాబోయే ముందు, అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఆ క్షణాన దాని వేగమెంత? త్వరణమెంత?”

ఆ ప్రశ్నకు పట్నం కాలేజీ పిల్లలు కూడా రెండూ సున్నా అంటారు. పైకి విసిరిన వస్తువు సంగతి నేను ఇంకా చెప్పనేలేదు. నౌకరీ చేజారిందనే అనుకున్నాను. యాదగిరి ఆ సుద్దముక్క వైపు, తర్వాత పైకప్పు వైపు చూశాడు.

“జోరు ఉండది సార్, సున్న. కానీ కిందికి గుంజుడు మాత్రం ఆగలేదు. త్వరణం ఉన్నది.”

“ఎట్లా చెప్పగలవు?”

“అది గూడ లేకుంటే ముక్క గాడనే నిలబడుతుండె సార్. కిందికి ఎందుకొస్తది?”

ఇన్‌స్పెక్టరు గారు కూర్చున్నారు. తర్వాత వెనక్కి తిరిగి, తెలుగు విషయంలో ఈ బడికి పెద్ద మీరు, ఈయనకు తెలుగు వచ్చునని మీరు చెప్పగలరా అని పంతులుగారిని అడిగారు. నా రాతలో ఆ రోజు కూడా బోర్డు మీద తప్పులున్నాయి. వాటిని ఆయన చూస్తూనే ఉన్నారు. నిజం చెబితే నేను ఇంటికి, అబద్ధం చెప్పే మనిషి కాదు ఆయన.

“అయ్యా, నేను ఇన్నేండ్ల సంది తెలుగు చెప్తున్న. నా క్లాసుల పిల్లలు నేను చెప్పింది అప్పజెప్తరు. ఈయన క్లాసుల, ఈయన చెప్పంది గూడ ఆలోచన జేసి చెప్తున్నరు. రాత నేను నేర్పుత. తెలుగు వచ్చుడంటే ఇంతకన్న ఇంకేందో నాకైతే తెల్వది.”

వేసవిలోపు ముస్తఖిల్ ఉత్తర్వు అందింది. చెల్లెళ్ల చదువు ఆగలేదు. పంతులుగారు అన్న మాట ప్రకారం నాకు రాత నేర్పారు. ఈ నాలుగు పేజీలు రాయగలిగానంటే ఆయన పుణ్యమే. ఆయనకూ, నా మాటను నమ్మకుండా ఎదురు చెప్పిన ఆ తరగతికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత కోదాడలోనూ మిర్యాలగూడలోనూ రిటైరయ్యేదాకా ఈ పాఠం చెప్పాను. నిర్వచనం ఎప్పుడూ చివరనే రాశాను. పిల్లవాడు అప్పజెబితే పాఠం అయిపోయిందని అనుకోలేదు. ‘మా ఊర్ల గట్ల గాదు’ అని ఎవరైనా లేచి అనేదాకా అది మొదలు కాలేదనే లెక్క.