తాబేలు పిల్లల కోసం చీకటి చేసుకున్న పండగ

అటవీశాఖ సారు మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు వలలు బాగుచేసే పాక దగ్గర నిలబడి, "తాబేలును చంపినా, గుడ్లు తీసినా జైలే. చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. శ్రీకాకుళం తీరంలో చేపలవేట మీద బతికే చిన్న ఊరు మాది. నేను ఆ ఊరి కోడల్ని, అంగన్‌వాడీ టీచర్ని, పైగా నోరు ఊరుకోని మనిషిని.

"సారూ, శ్రీకూర్మం మాకెంత దూరం? కూర్మనాథుడు మా దేవుడు. వలలో తాబేలు పడితే మావోళ్లు బొట్టెట్టి, దండమెట్టి మళ్లీ నీళ్లలో ఒగ్గేస్తారు. మాకు జైలేటి, మాకు చట్టమేటి?" అని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. "అందుకే కదమ్మా మీ ఊరికి వచ్చాం" అన్నాడు. ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది, ఒప్పుకోవాలి.

వాళ్ల ఏర్పాటు ఇదీ. తాబేలు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వాటిని కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి. అందుకని ఆ గుడ్లు జాగ్రత్తగా తీసి, ఒడ్డునే ఒక కంచె కట్టి, అందులో మళ్లీ పాతిపెడతారు. పిల్లలు పైకొచ్చాక సముద్రంలోకి వదులుతారు. ఈ ఏడాది మా ఊళ్లో చేసి చూస్తారు. బాగుంటే ఏటా ఇక్కడే, లేదంటే వేరే ఊరు. మా ఊరతన్నే ఒకణ్ణి కాపలాకి పెట్టారు.

మొదటి గూడు కనిపెట్టింది మా అత్త. తెల్లారకముందే పడవల దగ్గర చేపలు కొనుక్కుని, తట్ట నెత్తినెట్టుకుని ఊళ్లమ్మట తిరిగే మనిషి. ఇసుక మీద తాబేలు పాకిన జాడ చూసి, తట్ట అక్కడే దించి, కాపలా అతన్ని కేకేసుకుని వచ్చింది. ఇక ఆ రోజు నుంచి ఆవిడ గొడవ చెప్పనలవి కాదు. పురిటికొచ్చిన కూతుర్ని చూసుకున్నట్టు రోజూ కంచె దగ్గరకెళ్లి, "ఏటర్రా, ఇంకా రారేటి?" అని ఇసుకతో మాట్లాడేది. నేను నవ్వితే, "నవ్వకే. పుట్టిన ఒడ్డుకే మళ్లీ గుడ్లెట్టడానికి వస్తాయట. సారు సెప్పినాడు. మనూరి ఆడబిడ్డలే అవి" అనేది.

ఆ పిల్లలు పైకొచ్చే సాయంత్రం మా ఆడవాళ్లంతా తలంటుకుని, పసుపు కుంకుమలతో వెళ్లారు. సాక్షాత్తూ కూర్మనాథుడి పిల్లలు వస్తుంటే వట్టి చేతుల్తో వెళ్తారా? కంచెకి ఊరివైపున ఇసుకలో వరసగా ప్రమిదలు పెట్టి వెలిగించారు. మొదటి దీపం అత్తదే.

ఓలమ్మో, ఆ దీపాలే కొంప ముంచాయి. తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటే సముద్రం అనుకుంటాయట, ఆ సంగతి అప్పటికి మాకెవరికీ తెలీదు. కాపలా అతను కంచె తెరిచాడు. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు బిలబిలమని బయటికొచ్చి, సముద్రానికి వీపు తిప్పి దీపాలవైపు పరిగెత్తాయి. "దీపాలు ఆర్పండి!" అని అతను అరుస్తున్నాడు. దేవుడికి వెలిగించిన దీపం చేతులారా ఎవరు ఆర్పుతారు? "అరిష్టం, అరిష్టం" అంటూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కాసేపట్లోనే సగం పిల్లలు దీపాలు దాటి, పడవల కిందికి, ఇసుకలో పాకిన తీగల్లోకి పోయాయి. చేతికందినవి ఏరి నీళ్లలో వదిలాం. మిగతావి పీతల పాలయ్యాయి, పొద్దున్నే కాకుల పాలయ్యాయి. చచ్చినవాటిని అత్త కొంగులో ఏరుకుని గొయ్యి తీసి పాతింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. "నా దీపమే సంపేసింది" అని ఒకటే మాట.

కంచెలో ఇంకొక తాబేలు గూడు మిగిలి ఉంది. అప్పటికి సర్కారు ఏటా పెట్టే వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కాయి, మగవాళ్లంతా ఇళ్లపట్టునే ఉన్నారు. ఆ రోజుల్లోనే మాకు గంగమ్మ పండగ. గుడి నుంచి ఒడ్డుదాకా రంగు రంగుల లైట్లు కట్టారు. సరిగ్గా పండగ రోజు పొద్దున్న గూడు మీద ఇసుక కుంగింది. అంటే పొద్దు గూకేసరికి పిల్లలు వచ్చేస్తాయి. సారు వచ్చి లైట్లు చూసి, ఎవర్నీ ఏమీ అనకుండా, "వీటిని బుట్టలో పెట్టి పక్క ఊరి ఒడ్డున వదులుతాం. వచ్చే ఏడు కంచె కూడా అక్కడే వేసుకుంటాం" అన్నాడు.

అత్త చివాలున లేచింది. తిన్నగా గుడి దగ్గరకెళ్లింది. ఊరి పెద్ద అక్కడే పండగ పనులు చూస్తున్నాడు. ఆయన మా మావకు స్వయానా అన్న, నాకు పెద్దమావ. ఆ బావగారి ఎదుట అత్త అంతవరకూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"బావా, సందేళ లైట్లన్నీ ఆపించాల" అంది.

"మతుండే మాటాడతన్నావేటమ్మా? అమ్మోరి పండగ సీకట్లో సేస్తారేటి?" అన్నాడాయన.

"నా దీపం సగం పసిగుంటల్ని మింగేసినాది. ఇప్పుడు అమ్మోరి లైట్లు మిగతా గుంటల్ని మింగాలా? గంగమ్మ ఎవురు బావా? ఆ సముద్రమే కదా! తల్లి బిడ్డల్ని తల్లికి అప్పసెప్పడం కన్నా పెద్ద పండగేటున్నాది? మనూళ్లో పుట్టినవి పక్కూరు నుంచి ఎల్తే మనకి సిగ్గు కాదా?"

డప్పుల వాళ్లు కూడా చేతులు ఆపేసి వింటున్నారు. పెద్దమావ తల గోక్కున్నాడు. పూజారివైపు తిరిగి, "పూజారీ, అమ్మోరు ఓ గంట ఆగుతాదా?" అని అడిగాడు. "బిడ్డల కోసం ఆగదేటి" అన్నాడు పూజారి. అంతే.

పొద్దు గూకగానే రంగుల లైట్లు పోయాయి, మైకు పోయింది, ఇళ్లలో బల్బులు కూడా పోయాయి. గర్భగుళ్లో దీపం బయటికి కనపడకుండా పూజారి తలుపు వేశాడు. ఊరు ఊరంతా ఒడ్డున బారులు తీరింది. చంటిపిల్ల ఏడిస్తే తల్లి కొంగు కప్పి ఊరుకోబెట్టింది. సముద్రం మీద కాస్త తెల్లటి వెలుగు, మా వెనక కటిక చీకటి. కంచె తెరవగానే పిల్లలు తలలెత్తి చూశాయి. చూసి, తిన్నగా నీళ్లవైపు నడిచాయి. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు చిట్లింది.

అన్నీ వెళ్లిపోయాయనుకున్నాం. ఒక్కటి మిగిలింది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. అల వచ్చి వెనక్కి తోసేస్తుంది. మళ్లీ మొదలుపెడుతుంది. గంట ఎప్పుడో దాటిపోయింది. లైట్లు కట్టిన కుర్రాడు వెనకనుంచి, "పెద్దాయనా, అయిపోనాది కదా, లైట్లు ఏసేమంటారా?" అని అడిగాడు.

"ఒరే, స్విచ్చి మీద సెయ్యేసినావంటే ఇరగ్గొట్టేస్తాను" అన్నాడు పెద్దమావ, దాని మీంచి చూపు తిప్పకుండానే. "అదింకా ఒడ్డునే ఉన్నాది."