మూడోసారి అడిగే మనిషి

ఆరిన్ హౌగ్‌స్టాడ్ ఇరవై రెండేళ్ళు పద్నాలుగో నంబరు కాలవను చూసుకున్నాడు. అందులో పందొమ్మిదేళ్ళు ఆ కాలవ లేనే లేదు.

దాన్ని ఎప్పుడో పూడ్చేసి పైన కిరాణా దుకాణం కట్టారు, దాని ముందు కార్లు నిలుపుకునే చోటు చదును చేశారు. కానీ పూడ్చమన్న కాగితం ఒక ఆఫీసుది, చూసుకోమన్న కాగితం ఇంకో ఆఫీసుది. ఆ రెండు కాగితాలూ ఒకదాని మొహం ఒకటి ఎన్నడూ చూడలేదు. అంచేత ప్రతి నెలా మొదటి మంగళవారం ఆరిన్ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడిగి, కొలకర్ర పుచ్చుకుని, కార్ల మధ్య నిలబడి "నీటిమట్టం: లేదు. మార్పు: లేదు" అని రాసుకునేవాడు. మిగతా నెలంతా కౌంటీ ఆఫీసులో, అంటే మా జిల్లా కచేరీ లాంటిదాంట్లో, కూర్చుని ఆ రెండు ముక్కలూ శుభ్రంగా టైపు చేసేవాడు. అడ్డం వచ్చిన కార్లవాళ్ళు కూడా ఆయన్ను చూసి మర్యాదగా పక్కకు తప్పుకునేవాళ్ళు. పాపం, కాలవ చూసుకుంటున్నాడు కదా!

నవ్వకండి. ఉత్తర డకోటాలో మా మూలన కౌంటీ ఉద్యోగమంటే రాతిమీద గీత. జీతం ఠంచనుగా వస్తుంది, పెన్షన్ ఉంది, పంటికి నొప్పొస్తే బీమా ఉంది. అలాంటి ఉద్యోగం నుంచి మనిషి బయటికి వచ్చేది నలుగురి భుజాలమీదే. ఆరిన్ కూడా అలాగే వద్దామనుకున్నాడు, ఆ జనవరి మంగళవారం దాకా.

ఆ రోజు ఎముకలు కొరికే చలి. ఆరిన్ కొలకర్ర పట్టుకుని నిలబడ్డ చోటికి పది అడుగుల దూరంలో ఇంగెబోర్గ్ ట్వెయిట్ అనే ముసలావిడ మంచుగడ్డ మీద కాలు జారి పడింది. గుడ్ల అట్ట ఒకవైపు, ఆవిడ ఒకవైపు. ఆరిన్ పరుగెత్తాడు.

"నాకేం కాలేదు బాబూ. నువ్వు నీ కాలవ చూసుకో" అంది ఇంగెబోర్గ్, తుంటి విరిగిన మనిషి.

మావాళ్ళ మొహమాటం మీకు తెలియదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగి పెట్టినా తినరు. కాఫీ ఇస్తే "అబ్బే, మీకెందుకండీ శ్రమ" అనాలి. రెండోసారి ఇస్తే "ఉంటే అరకప్పు, లేకపోతే వద్దు" అనాలి. ముచ్చటగా మూడోసారి ఇస్తేనే పుచ్చుకోవాలి, ఇక పుచ్చుకోక తప్పదు కూడా. మొదటిసారే సరే అన్నవాడు ఆబగాడు, మూడోసారి కూడా కాదన్నవాడు పొగరుబోతు. ఇళ్ళు తగలబడుతున్నా ఇదే పద్ధతి.

ఆరిన్ తన కోటు తీసి ఆవిడ మీద కప్పి, మంచులో మోకాళ్ళమీద కూర్చుని, నొప్పిగా ఉందా అని అడిగాడు. లేదంది. మళ్ళీ అడిగాడు. కాస్త, అంది. మూడోసారి అడిగేసరికి ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని "చచ్చిపోతున్నాను నాయనా" అని బావురుమంది. అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆరిన్ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ చెప్పే కోళ్ళ కబుర్లు విన్నాడు. ఇరవై రెండేళ్ళలో తాను ఒకరికి అవసరమైన నలభై నిమిషాలు అవేనని ఆయనకు ఆ సాయంత్రం తెలిసింది. తెలిసి, చాలా దిగులేసింది.

ఆ నెల నివేదికలో "మార్పు" అన్న గడిలో జరిగిందంతా రాశాడు. ముసలావిడ, గుడ్లు, కోళ్ళ పేర్లతో సహా. ఎవరైనా పిలిచి ఇదేమిటని తిడతారేమోనని చూశాడు. ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది. తిట్టే నాథుడు కూడా లేడు. ఏప్రిల్లో ఆరిన్ రాజీనామా ఇచ్చి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, నర్సింగ్ కాలేజీలో చేరాడు.

ఊరు దీన్ని చావు కింద జమకట్టింది. మరునాటికల్లా చర్చి ఆడవాళ్ళు వరసగా హాట్‌డిష్‌లు మోసుకొచ్చారు. కింద మాంసం, మధ్యలో పుట్టగొడుగుల సూపు, పైన బంగాళాదుంపలు. మనిషి పోయిన ఇంటికి పట్టుకెళ్ళేది అదే. మొత్తం తొమ్మిది గిన్నెలు వచ్చాయి. వచ్చినవాళ్ళు ఆరిన్ భార్య లవాన్ చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా, పాపం మంచి మనిషి" అని కళ్ళు తుడుచుకుని, పక్క కుర్చీలో కూర్చుని తింటున్న ఆరిన్ వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

"నేనింకా ఉన్నానే" అన్నాడు ఆరిన్.

"నువ్వూరుకో" అంది లవాన్. "గిన్నెలు ఎవరివెవరివో చీటీలు అంటించుకోవాలి."

లవాన్ తిట్టలేదు. ఫరవాలేదంది. ఫరవాలేదంటూనే తెల్లవారుజామున ఐదింటికి లేచి, పడుకున్న ఆరిన్ మంచం చుట్టూ దుమ్ము లాగే మిషన్ తిప్పేది. వారానికి మూడుసార్లు.

అందరికన్నా ఎక్కువ కుమిలినవాడు సెల్మర్ రుడ్‌వోల్డ్. డెబ్బై ఒక్కేళ్ళ రైతు, కౌంటీ బోర్డు పెద్ద. ఆరిన్‌ను ఆ ఉద్యోగంలో పెట్టింది ఆయనే. రాజీనామా ఇచ్చిన రోజే వెనక్కి వస్తావా అని ఒకసారి అడిగాడు కూడా. ఆరిన్ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోనివ్వలేదు. "వాడికి పిచ్చి దిగాక వస్తాడు" అని, కుర్చీ వెనక వేలాడుతున్న పాత కోటు కూడా తియ్యనివ్వలేదు. నివేదిక ఆగిపోకూడదుగా, అందుకని తనే రబ్బరు బూట్లు తొడుక్కుని నెలనెలా ఆ లేని కాలవ చూడ్డానికి బయల్దేరాడు.

ఇక కాలేజీలో ఆరిన్ సంగతి. పుస్తకాల చదువు ఎలాగో గట్టెక్కాడు. సూది గుచ్చడం బొమ్మమీద నేర్పేటప్పుడు బొమ్మకు మూడుసార్లు క్షమాపణ చెప్పాడని పిల్లలు నవ్వినా, గట్టెక్కాడు. ఆసుపత్రిలో వార్డు పనికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నేర్పే ఆవిడ పేరు రెనాటా ప్రిజ్బిల్. చికాగో నుంచి వచ్చింది, ముప్పై మూడేళ్ళది, చేతిలో గడియారం. నొప్పి గురించి ఆవిడ సూత్రం ఒక్కటే. రోగి ఎంత చెబితే అంత. సున్నా నుంచి పదిదాకా ఒక అంకె అడుగు, రాసుకో, తరవాతి మంచానికి నడువు.

ఆరిన్ మూడేసిసార్లు అడిగేవాడు. ఒక విధవరాలికి మంచినీళ్ళు కావాలా అని అడగడం మొదలుపెట్టి, ఆవిడ ఔననేసరికి పాతిక నిమిషాలయింది. మొదటి హెచ్చరిక కాగితం. రెండో కాగితం కూడా అలాంటి దానికే.

"ఆరిన్ గారూ, రోగి లేదన్నాక మళ్ళీ అడగడం అంటే ఆ మనిషి మాట నమ్మకపోవడం. అది అవమానం" అంది రెనాటా.

"ఇక్కడ మొదటిసారి చెప్పేది మాట కాదండీ మేడమ్. గొంతు సవరించుకోవడం."

"మూడో కాగితం వస్తే ఇంటికే. ఆపైన నా చేతిలో ఏమీ ఉండదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర లవాన్ మొదటిసారి నోరు విప్పింది. "మూడోది ఇస్తే మాత్రం సెల్మర్ కాళ్ళు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చో. నాకు మాటివ్వు. నాకు నిద్ర పట్టడంలేదు ఆరిన్. బీమా లేని ఇంట్లో దగ్గు వచ్చినా భయమేస్తోంది."

ఆరిన్ మాటిచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అనే రోజు ఎదురుగా కనబడుతోంది. ఆ కుర్చీ పేరు తలుచుకోవడం కూడా ఇష్టంలేదు. అయినా ఇచ్చాడు.

సరిగ్గా ఆ వారమే సెల్మర్ ఆసుపత్రిలో చేరాడు. కిరాణా దుకాణం ముందు "కాలవ నం. 14" అన్న ఇనప గుంజ ఒరిగిపోయిందని, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి ఒంటిచేత్తో నిలబెట్టబోయాడు. గుంజ లేవలేదు, పొత్తికడుపులో పేగు జారింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మరునాడు ఇంటికి పంపుతామన్నారు. ఆ మరునాటి పొద్దున్న ఆయన మంచం ఆరిన్ వంతుకు వచ్చింది. వెనకాలే గడియారంతో రెనాటా.

"నొప్పి ఎలా ఉందండీ సెల్మర్ గారూ? సున్నా నుంచి పదిలో?"

"అబ్బే, నాకేం నొప్పిరా. పక్క మంచం ఆయన్ను చూడు, పాపం. నాది సున్నా వేసుకో."

రెనాటా సున్నా వేసేసింది. రక్తపోటు, నాడి కూడా ఫరవాలేదు. "పదండి" అంది.

ఆరిన్ కదల్లేదు. బల్లమీద కాఫీ చల్లారిపోయి ఉంది, పైన తెట్టు కట్టింది. సెల్మర్ కాఫీ వదిలేయడమా! తండ్రి అంత్యక్రియల్లో కూడా నాలుగు కప్పులు తాగిన మనిషి. నుదుటిమీద సన్నగా చెమట.

"ఇంకోసారి అడుగుతున్నా. ఎక్కడన్నా ఏమన్నా ఉందా?"

"ఉంటే ఉండొచ్చు, పెద్దగా ఏం లేదులే. అది సరే గానీ, నీ కుర్చీ అలాగే ఉంచానురా. వచ్చెయ్."

"ఇప్పుడు కుర్చీ సంగతి ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఆ మంచంకింది కుండలు మొయ్యడానికా నిన్ను పెంచింది? నీ కోటు దులిపించి పెట్టాను."

వెనక కాగితం చప్పుడయింది. రెనాటా మూడో హెచ్చరిక తీసి మంచం కొసన పెట్టి రాస్తోంది. ఆవిడ మొహంలో కోపం లేదు, విసుగు కూడా లేదు, నిజంగా బాధే ఉంది. ఆరిన్‌కు ఆ కాగితం మీద తన పేరు కనబడింది.

"సెల్మర్ గారూ, మూడోసారి అడుగుతున్నాను. నిజం చెప్పండి."

"ముందు నువ్వు చెప్పరా. నేనూ మూడోసారే అడుగుతున్నా. ఏప్రిల్లో ఒకసారి, ఇందాక ఒకసారి, ఇప్పుడొకసారి. వస్తావా, రావా?"

మూడోసారి అడిగారంటే సరే అనాలి. మా తాతల నాటినుంచి దానికి తిరుగులేదు. అక్కడ మూడో కాగితం, ఇక్కడ మూడో పిలుపు, ఇంట్లో నిద్రపట్టని లవాన్. ఊఁ అంటే చాలు, మూడూ ఒక్కసారే తీరిపోతాయి. ఆరిన్ నోరు తెరిచాడు.

"రానండీ."

పక్క మంచం ఆయన టీవీ కట్టేశాడు.

"రాను" అన్నాడు ఆరిన్ మళ్ళీ. "నాకా కుర్చీ వద్దు. అందులో చచ్చిపోయినా వాసన వచ్చేదాకా ఎవరికీ తెలీదు. మీరు నాకు అన్నం పెట్టారు, కాదనను. కానీ ఇవాళ వీళ్ళు నన్ను బయటికి గెంటినా నేనక్కడికి రాను. లవాన్‌కు నేనే చెప్పుకుంటాను."

ఆ వార్డులో అంత మాట ఎవరూ విని ఉండరు. సెల్మర్ ముసలి కళ్ళు ఇంతింత చేసుకుని చూశాడు.

"మొహంమీదే కాదనేశావేంట్రా!"

"అనేశాను. ఇప్పుడు మీ వంతు. నొప్పి ఎక్కడ?"

సెల్మర్ చల్లారిన కాఫీని దూరంగా నెట్టాడు. ఎదుటివాడు అంత నిర్మొహమాటంగా మాట్లాడాక తనొక్కడే మర్యాద పట్టుకుని వేలాడ్డం ఎందుకనిపించిందో ఏమో.

"గుండెమీద దూడ కూర్చున్నట్టుందిరా. తెల్లారినప్పట్నుంచీ. ఎడమ చెయ్యి కూడా లాగేస్తోంది."

"పదిలో ఎంత?"

"పది ఎవరికన్నా పాపం అవసరమవుతుందేమో. నాకు తొమ్మిది వెయ్యి."

రెనాటా రాస్తున్న కలం అక్కడే పడేసి గంట నొక్కింది. ఆ తరవాత ఐదు నిమిషాల్లో ఆ మంచం చుట్టూ ఊరంత జనం. గుండె గీతలు తీశారు, నాలుక కింద మాత్ర పెట్టారు, పెద్దాసుపత్రికి ఫోను చేశారు. హెలికాప్టర్ వస్తోందన్నారు. ఇంకో గంట ఆగి ఇంటికి పంపించి ఉంటే దారిలోనే పోయేవాడన్నాడు డాక్టరు.

వరండాలో రెనాటా ఆ సగం రాసిన కాగితం చేత్తో పట్టుకుని నిలబడింది. "ఆయన సున్నా అన్నాడు" అంది. "నేను సున్నా రాశాను. సూత్రం ప్రకారమే రాశాను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంది. "సోమవారం మిగతా పిల్లలకు మీరు చెప్పాలి, ఇక్కడ ఎలా అడగాలో. నేనూ కూర్చుంటాను." కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు వెళ్ళండి, ఆయన మిమ్మల్నే వెతుక్కుంటున్నాడు" అంది.

మేడమీద హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. స్ట్రెచర్ మీద సెల్మర్ పైలట్‌కు క్షమాపణ చెప్పుకుంటున్నాడు. "మీకు శ్రమ ఇచ్చాను. నేనే కారు నడుపుకుంటూ వెళ్ళేవాణ్ణి. భోజనం చేశారా? నా పళ్ళెంలో పాయసం అలాగే ఉంది, తీసుకురమ్మనండి." పైలట్ వద్దండీ అన్నాడు. సెల్మర్ రెండోసారి అడగబోతుంటే నర్సు ఆయన మూతికి గాలి గొట్టం తగిలించబోయింది.

ఆయన దాన్ని చేత్తో పక్కకు తోసి, ఆరిన్ మణికట్టు పట్టుకున్నాడు. పొలం దున్నిన చెయ్యి, ఐసుముక్కలా ఉంది.

"ఆరిన్, నాకు భయంగా ఉందిరా" అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

"తెలుసండీ" అన్నాడు ఆరిన్, ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని. "ఇక్కడే ఉన్నాను."