టెంటు ముందు బతుకమ్మ

ఈ పొద్దున జగిత్యాల మార్కెట్లో తడి గోనెసంచి మీద గుట్టగా పోసిన తంగేడు పూల పచ్చివాసన తగలగానే నాకు పండుగ గుర్తుకు రాలేదు, పాత కోపం వచ్చింది. ఐదేళ్ల నా కూతురు చెయ్యి లాగి, "మమ్మీ, మనం గూడ బతుకమ్మ పేరుద్దామా?" అంది. ఏ దుకాణంలోనైనా బేరమాడి గెలిచే దాన్ని. ఈ ఒక్క బేరంలో మాత్రం చిన్నప్పటి నుంచీ ఓడిపోతూనే ఉన్నాను.

కోరుట్ల మెయిన్ రోడ్డు మీద మాది కిరాణా దుకాణం. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడిందంటే గల్లా పక్కన గునుగు పూలకు అద్దే రంగుల పొట్లాలు, వెనక బతుకమ్మకు నైవేద్యం పెట్టే సత్తుపిండికి కావలసిన నువ్వులు, పల్లీలు, బెల్లం గుట్టలు పడేవి, మా అరచేతులు దసరా దాకా గులాబీ రంగులోనే ఉండేవి. ఏ రంగు పూలకు బాగా పడుతుందో బాపు ప్రతి ఆడమనిషికీ ఓపిగ్గా చెప్పి మరీ అమ్మేవాడు. సాయంత్రం వాడకట్టంతా అవే రంగుల బతుకమ్మలను మధ్యలో పెట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, చర్చికి పోయేవాళ్లం గనుక నేను దుకాణం మెట్టు మీద కూర్చుని చూడాలి.

"అమ్మచ్చు గని ఆడద్దా బాపూ?"

"దుకాణం దుకాణమే, దేవుడు దేవుడే. పల్లీలు ఏరు."

సిరిసిల్లలో పుట్టి, చర్చికి రాకముందు ఆ పాటలన్నీ పాడిన అమ్మ, లోపల ఆ దరువుకే గిన్నెలు తోముతూ, అడిగితే బాపు కన్నా ముందే వద్దనేది.

అంతలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. దుకాణం ఎదురుగా టెంటు వేశారు, రోజుకొక కులం, రోజుకొక సంఘం దీక్షకు కూర్చునేవి. ఒకరోజు మా చర్చి వంతు. పాస్టరయ్య మెడలో దండతో కూర్చుని ఉండగా ఆడవాళ్లు టెంటు ముందు రోడ్డు మీదనే బతుకమ్మ ఆడారు. పక్కింటి లచ్చక్క అమ్మ చెయ్యి పట్టి లాగింది. అమ్మ బాపు వైపు చూసింది, బాపు పాస్టరయ్య వైపు చూశాడు, పాస్టరయ్య ఆకాశం వైపు చూశారు.

ఆ పూట అన్నాల దగ్గర తీర్పు వచ్చింది. "రోడ్డు మీద ఆడితే తెలంగాణ కోసం. వాడకట్టుల ఆడితే పూజ," అన్నాడు బాపు. "గౌరమ్మకు మొక్కద్దు, సత్తుపిండి తినద్దు," అని అమ్మ కలిపింది.

"మన మెట్టు రోడ్డు మీదికే ఉన్నది గద బాపూ?"

"మెట్టు మనది, రోడ్డు సర్కారుది."

ఇంట్లో బేరం తెగలేదని లచ్చక్క దగ్గరికి పోయాను, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మను ఈసారి టెంటు ముందు ఆడమని. "నీ ఒక్కదాని కోసం వాడకట్టంత జరగాల్నానే పోరీ? మీ దేవుడు గిన్ని కొలతలు పెడుతడా?" అని నవ్వింది గానీ, అందరినీ తీసుకొచ్చింది. ఆ సాయంత్రం దుమ్ము, పసుపు, మల్లెలు, వేడి తారు కలిసిన వాసనలో కాళ్లు లాగేదాకా తిరిగాను. బతుకమ్మలను తలకెత్తుకుని అందరూ చెరువు వైపు మలుపు తిరగ్గానే దుకాణంలోంచి బాపు కేక వేశాడు, "ఆగు బిడ్డా, రోడ్డు అయిపోయింది!" లచ్చక్క పెట్టిన సత్తుపిండి ముద్ద పిడికిట్లో పట్టుకుని మలుపు దగ్గరే నిలబడిపోయాను. అమ్మ వచ్చి నా వేళ్లు విప్పింది, ముద్దను వాసన చూసి, "నువ్వులు సరిగ్గ ఏగలే," అని గోడ మీద పిచ్చుకలకు పెట్టింది.

తర్వాత తెలంగాణ వచ్చింది. బాపు దుకాణంలోని చాక్లెట్లన్నీ పంచాడు. ఆ పెత్రమాసకు నేను కొత్త లంగా వేసుకుని మెట్లు దిగుతుంటే ఆపాడు. "తెలంగాణ అచ్చింది గద బిడ్డా, ఇగ దేనికి ఆడుడు?" గొంతు పోయేలా జై కొట్టింది నేనే, నాకున్న ఒక్క అనుమతినీ నేనే అరిచి రద్దు చేయించుకున్నాను.

ఇప్పుడు టెంటు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. లచ్చక్క లేదు. బాపు కిరాణా మూసేశాడు. గునుగు పూలు రంగు వేసినవే అమ్మకానికి వస్తున్నాయి, పిల్లల అరచేతులు తెల్లగా ఉంటున్నాయి. జగిత్యాలలో మాదీ అలాంటి చర్చే. మా ఆయన "నీ ఇష్టం" అని మొత్తం నా నెత్తిన పెట్టాడు.

తంగేడు కట్ట కొన్నాను. "అపార్ట్‌మెంట్ కింద ఆడుకో," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "సత్తుపిండి మాత్రం తినద్దు," అంది నా నోరు, అచ్చం అమ్మ గొంతుతో.

నా కూతురు తంగేడు కట్టను రెండు చేతులా అందుకుంది.

"సగం తింటా?"