రెండు గోలీల నడుమ

నేను నల్గొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పాప పుట్టిన మరుసటేడు తలలో ఒక పక్కన నొప్పి మొదలైంది. వచ్చిందంటే వెలుతురు చూడలేను, పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఒక్కో అంకె కణత మీద కొట్టినట్టు ఉండేది.

నరాల డాక్టరు మైగ్రేన్ అన్నాడు. నొప్పి రాకుండా రోజూ వేసుకొమ్మని టోపిరమేట్ గోలీలు రాశాడు. తగ్గకపోతే మోతాదు పెంచుకుంటూ పోయాడు. చివరికి నొప్పి నిజంగానే దూరమైంది. ఆ గోలీల వల్ల సోడా తాగితే చప్పగా ఉండేది, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కేవి. అయినా తల నాదైంది, అదే చాలనుకున్నాను.

అప్పటికే పిల్లలు కాకుండా గోలీలు వాడుతున్నాను. అవి రాసిన లేడీ డాక్టరు వేరు, ఆ దవాఖాన వేరు. తలనొప్పికీ కడుపుకూ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? తల చూసిన డాక్టరు కూడా అడగలేదు.

నెల తప్పింది. పరీక్ష చేయించుకుని లేడీ డాక్టరు ముందు కూర్చున్నాను.

“ఒక్క గోలీ గూడ మర్సిపోలే మేడమ్. గిట్లెట్లయింది?”

“ఇంకేమన్న మందులు వాడుతున్నవా అమ్మా?”

సంచిలోంచి తలనొప్పి గోలీలు తీసి ఇచ్చాను. ఆమె అట్టను తిప్పి మందు పేరు, మోతాదు చదివింది.

“ఇంత మోతాదుల వాడితే ఇది నువ్వు పిల్లలు గాకుండ ఏసుకునే గోలీల బలం తగ్గిస్తదమ్మా. కడుపుల బిడ్డకు గూడ మంచిది కాదు. ఎవ్వరు చెప్పలేదా?”

“లేదు మేడమ్.”

నరాల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆ మందు మెల్లగా తగ్గించి ఆపించింది. బిడ్డను ఉంచుకోవాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు మా ఆయన, “వచ్చినోళ్ళను పొమ్మంటమా?” అన్నాడు. నాకూ అదే మనసు. తలనొప్పులు మళ్ళీ వచ్చాయి. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేదాన్ని.

ఐదో నెల స్కానింగులో బిడ్డ పై పెదవి చీలి ఉందని తెలిసింది. ఆ గోలీల వల్లనేనా అని అడిగితే, “అయ్యుండొచ్చు, గట్టిగ చెప్పలేమమ్మా. అవి ఏసుకోనోళ్ళకు గూడ ఇట్ల పుడ్తరు. పుట్టినంక కుట్టొచ్చు” అన్నది డాక్టరమ్మ.

సంగతి విని మర్రిగూడ నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆమె ఎముకలు పాడై మోకాళ్ళు వంకరపోయాయి. బస్సు దిగి మా గడప దాకా రావడానికే గోడలు పట్టుకుంది. గోలీల కథ ఆమె నమ్మలేదు.

“మందు గాదు బిడ్డా, మా నీళ్ళే. నా బొక్కలల్ల ఉన్నది నా కొడుక్కు పోయింది. ఆడికెల్లి నీ కడుపులకొచ్చింది.”

“కాదత్తమ్మా, డాక్టరమ్మ చెప్పింది.”

“ఆమె మా నీళ్ళు తాగిందా?” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత కంచంలో అన్నం కలిపి నా ముందు పెట్టింది. “నా కాళ్ళనైతే ఎవ్వరు సక్కజెయ్యలే. పెదవంటే కుడ్తరట గదా. జర తిను.”

ఏడో నెల చివర బిడ్డ ఎదుగుదల సరిగ్గా లేదన్నారు. ఒక పొద్దున కదలిక ఆగింది. దవాఖానలో డాక్టరమ్మ యంత్రాన్ని పొట్ట మీద ఎంతసేపు జరిపినా ఏ చప్పుడూ రాలేదు. ఆమె నా చేయి పట్టుకుంది. నొప్పులు రప్పించి కాన్పు చేశారు. మగపిల్లవాడు.

అత్తమ్మ నర్సును బతిమాలి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వేలితో పెదవి తడిమింది.

“గింతే గదా చీలింది,” అన్నది నా దిక్కు చూసి. “గింత దానికా బిడ్డా మనం గంత ఫికర్ వడ్డది?”

రెండు రోజులకు పాలు పడ్డాయి. రవిక తడిసి మంచం మీదే ఏడ్చాను. పాలు తగ్గడానికి గోలీ ఇస్తే చేతిలో పట్టుకుని, “ఇది దేంతోనన్న పడకుండుంటదా మేడమ్?” అని అడిగాను. ఇప్పటికీ జలుబుకు ఇచ్చినా అడుగుతాను. తలనొప్పికి వేరే మందు వాడుతున్నాను. అది సగమే పనిచేస్తుంది.

బిడ్డను మర్రిగూడలో మా చేనుగట్టున పెట్టారని విన్నాను. ఆడవాళ్ళం వెళ్ళలేదు. పత్తి ఏరే రోజుల్లో ఆ చేన్లోకి పోతుంటాను. ఏ గట్టు అని మా ఆయనను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఒక మూలకు వచ్చినప్పుడు మాత్రం నాకంటే ముందు నడిచి, ఆ సాళ్ళు తానే ఏరుతాడు.